బొటనవేలికి బదులు...

కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్లకు జారే నేల కొత్త కాదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన ఒండ్రు వానాకాలంలో నూనె రాసినట్టు జారుతుంటుంది. అయినా చెప్పులు చేత పట్టుకుని, బొటనవేలు నేలలో గుచ్చి, నెత్తిన తవుడు మూటతో చేపల చెరువు గట్టు మీద చకచకా నడిచేస్తారు. మా పిన్నీ ఆ బాపతే. అరవై దాటాక కూడా ఆమె వెనకాల నడవాలంటే మాకు ఆయాసం వచ్చేది.

అలాంటి పిన్ని కూతురి పురుడికని మిషిగన్ వెళ్లి, జనవరిలో ఒక పొద్దున్నే కారు దిగుతూ పడిపోయింది. పరుగెత్తలేదు, మెట్లెక్కలేదు. ఒక్క అడుగు వేసింది, అంతే! కుడి మణికట్టు విరిగింది. మనవడికి నీళ్లు పోయడానికి వెళ్లిన మనిషి ఆరు వారాలు కట్టుతో కూర్చుంది. బాలింతరాలే తల్లికి జడ వేయాల్సి వచ్చింది. ‘నొప్పి కన్నా అదే ఎక్కువ బాధేసిందిరా’ అంటుంది ఇప్పటికీ.

అసలు సంగతేంటంటే... బూట్లకు తొడుక్కునే గ్రిప్పులు అల్లుడు ముందే కొని తెచ్చాడు. ‘కొల్లేటి గట్ల మీద నడిచినదాన్ని, నాకెందుకయ్యా ఈ గొలుసులు’ అని ఆవిడే వాటిని అలమరలో పడేసింది.

మన బురదకీ వాళ్ల ఐసుకీ తేడా అక్కడే ఉంది. బురద మెత్తన. వేలు గుచ్చితే దిగుతుంది, పట్టు దొరుకుతుంది. ఐసు గట్టిది. పైగా దాని మీద కంటికి కనబడనంత పల్చగా నీటిలాంటి పొర ఉంటుంది. సున్నా డిగ్రీలకు కాస్త దిగువన జారుడు మరీ ఎక్కువ. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, తెల్లారేసరికి ఉత్త తడి రోడ్డులా కనిపిస్తుంది. దాన్నే అక్కడ ‘బ్లాక్ ఐస్’ అంటారు. అడుగు వేసేదాకా అది ఐసని తెలీదు. ఇక మన బొటనవేలంటారా... అది బూటులో బందీ!

గ్రిప్పులు చేసేది ఆ వేలి పనే. రబ్బరు పట్టీల అడుగున ఉక్కు స్ప్రింగులో, చిన్న మేకులో ఉంటాయి. ఒంటి బరువు పడగానే అవి ఐసును పట్టుకుంటాయి. ఇదేం కొత్త తెలివి కాదు. వెయ్యేళ్ల కిందటి వైకింగుల సమాధుల్లోనూ ఇలాంటి ఇనుప మేకులు దొరికాయి... మనుషులవీ, గుర్రాలవీ కూడా! అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. 65 ఏళ్లు దాటి, అంతకుముందు ఏడాదిలో ఒకసారైనా పడిన 109 మందిని తీసుకున్నారు. కొందరికి స్ప్రింగుల గ్రిప్పులిచ్చి, మిగతావాళ్లను మామూలు బూట్లతోనే నడవనిచ్చారు. గ్రిప్పులు తొడుక్కున్నవాళ్లు ఆరుబయట పడటం దాదాపు సగానికి తగ్గింది.

తొడుక్కోవడం తేలికే. కూర్చుని, ముందు బూటు ముక్కును దూర్చి, పట్టీని సాగదీసి మడమకు తగిలించాలి. బూటు సైజుకు తగ్గవే కొనాలి. వదులైతే నడుస్తుండగానే ఊడిపోతాయి. చెప్పుల మీద పనికిరావు. చీర కడితే కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండాలి, లేకపోతే స్ప్రింగులో చిక్కుకుంటాయి. కారు దిగాక కాదు, దిగకముందే తొడుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గుమ్మం దాటి లోపలికి రాగానే తీసేయాలి. నున్నటి టైల్స్ మీదా, పాలరాతి మీదా ఆ ఉక్కే జారుతుంది. ఐసు మీద కాపాడింది అంగడిలో పడేస్తుంది! వాటితో కారు నడపడమూ వద్దు.

గ్రిప్పులున్నాయి కదాని పరుగులు పెట్టకూడదు. పెంగ్విన్‌లా నడవమంటారు అక్కడివాళ్లు. మనకు పెంగ్విన్ ఎందుకు, కొల్లేటి బాతు చాలదూ! చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, బరువు ముందు కాలి మీద. చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి.

రెండో మనవరాలి పురుడికి వెళ్లేటప్పుడు పిన్ని పెట్టె సర్దుతుంటే చూశాను. ఆవకాయ కన్నా ముందు గ్రిప్పులు పెట్టింది. ‘ఏం పిన్నీ, గొలుసులన్నావుగా?’ అంటే నవ్వేసింది.

‘మన గట్టు మీద నా వేలు చాలురా. అక్కడి నేలకి నా వేలు తెలీదుగా!’