మోసేవాడికే తెలుస్తుంది బరువు

"నీకేంరా, ల్యాప్‌టాప్ ఉంది. ఎక్కడికి పోయినా డిజైన్లు గీసుకుంటవ్!" అని మిత్రులు నన్ను చూసి ముచ్చటపడేవారు. ఆ ముచ్చట వెనుక మా నాయన ఎత్తిన చిట్టీ ఉందని, నా భుజం నొప్పి ఉందని వారికి తెలియదు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. రేపు చిట్టీ ఎత్తబోయే మరో తండ్రికి ఇవి పనికొస్తే అంతే చాలు.

కొనే రోజున దుకాణదారు, "తమ్మీ, ఆటలాడేది తీస్కో. ఇంత స్పీడు దేంట్ల రాదు" అన్నాడు. మా నాయన, "పైసలు పోతే పోనియ్ బిడ్డా, మంచిదే తీస్కో" అన్నాడు. ఏది మంచిదో మా ఇద్దరికీ తెలియదు. యంత్రం రెండున్నర కిలోలు, దాని ఛార్జరు ఇంకొక ముప్పావు కిలో. ఆ రోజు అది బరువనిపించలేదు. గర్వమనిపించింది.

మన ప్రాంతంలో డిజైను నేర్చుకునేవాడికి ఊళ్ళే పాఠశాలలు. కరీంనగర్‌లో సన్నని వెండి తీగను మెలిపెట్టి ఆకులు, పూలు అల్లే ఫిలిగ్రీ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొనికి చెక్కతో చేసే నిర్మల్ బొమ్మలకు 2009లో, ఆదిలాబాద్ డోక్రా లోహశిల్పానికి 2018లో వచ్చింది. ఇవన్నీ కళ్ళారా చూడాలని సెలవుల్లో బయలుదేరాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా బస్సులు మారుతూ నిర్మల్ చేరేసరికి, సీటు దొరకని ప్రయాణంలో ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

నిర్మల్‌లో ఒక పెద్దాయన చేసిన చెక్క పండ్లను ఫొటో తీసి, వాటిని అమ్మే అట్టపెట్టె మీదికి బొమ్మ గీశాను. నా తెరమీద అది చక్కని నారింజ రంగు. అచ్చు వేయించి తీసుకుపోతే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మా పండు గాదు బిడ్డా, మురిగిన పండు" అన్నాడు. నవ్వాను గాని సిగ్గేసింది. తప్పు ఆయన రంగులో లేదు, అచ్చులోనూ లేదు. తప్పు రంగు చూపిన నా తెరలో ఉంది.

అక్కడినుంచి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉషేగాం వెళ్ళాను. ఓజా కళాకారులు మట్టి ముద్దమీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన జాగాలో ఇత్తడి పోస్తారు. కాగితం మీద నమూనా లేదు, అంతా వేళ్ళలోనే ఉంది. ఆ చుట్టలను వరుసగా గీసుకోవాలని కూర్చున్నాను. గంటన్నర కాకముందే బ్యాటరీ అయిపోయింది. ఆ పూట కరెంటు లేదు. పక్కనున్న అవ్వ, "నీ డబ్బ సల్లవడ్డదా బిడ్డా? మా మైనం ఇంకా వెచ్చగనే ఉంది" అంది. నోటుబుక్కూ పెన్సిలూ తీసి మిగతాది గీసుకున్నాను.

1981లో వచ్చిన ఆస్‌బర్న్ అనే కంప్యూటరును చేత మోసుకుపోయేదని చెప్పి అమ్మారు. దాని బరువు సుమారు 11 కిలోలు, లోపల బ్యాటరీ లేదు! నలభై ఏళ్ళు దాటినా మనం అదే పొరపాటు చేస్తున్నాం. మోయగలిగినదల్లా ప్రయాణానికి పనికొచ్చేదని అనుకుంటున్నాం.

మరి ఏం చూడాలి? మొదట తెర చూడాలి. వివరాల కాగితంలో "45 శాతం ఎన్‌టిఎస్‌సి" అని ఉంటే రంగులు పాలిపోతాయి. "100 శాతం ఎస్ఆర్‌జిబి", ఐపిఎస్ తెర అడగండి. తరువాత బ్యాటరీ. లెక్క చిన్నదే. 50 వాట్-అవర్ల బ్యాటరీ మీద 10 వాట్లు వాడే యంత్రం 5 గంటలు నడుస్తుంది. 40 వాట్లు మింగేదైతే గంటంబావు! మూడోది బరువు. ఒకటిన్నర కిలోల లోపు ఉండి, చిన్న సి-టైపు ఛార్జరుతో నడిస్తే మేలు. నాలుగోది మరమ్మతు. బ్యాటరీ, మెమరీ మన ఊళ్ళోనే మార్చగలరా అని కొనకముందే అడగాలి. మెమరీ 16 జీబీ ఉంటే మన బొమ్మలకు చాలు. ఇంక్‌స్కేప్, క్రిటా, జింప్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి గనుక సాఫ్ట్‌వేరుకని అప్పు చేయనక్కరలేదు.

"త్రీడీ పని చేసేవాళ్ళ సంగతేమిటి?" అని అడుగుతారు. నిజమే, వారికి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెద్ద యంత్రం కావాలి. కాని అది హాస్టలు బల్లమీద ఉండవలసిన యంత్రం, బస్సెక్కవలసినది కాదు. "ఫోను చాలదా?" అంటారు మరికొందరు. ఫొటోకు చాలు. వెండి తీగ మెలికను కొలతతో గీయడానికి ఆ తెర చాలదు.

చివరగా ఒక మనవి. ఇంత చెప్పినా, మంచి తెర ఉన్న తేలిక యంత్రం అందరూ కొనగలిగేది కాదు. క్లాసులో సగంమంది అసలు కొనలేరు. గ్రంథాలయంలో పుస్తకం అరువిచ్చినట్టు, వారం రోజులకు అరువిచ్చే యంత్రాలు రెండు మూడు యూనియను తరఫున ఎందుకు ఉంచుకోకూడదు? ఉద్యోగాల్లో కుదురుకున్న పూర్వ విద్యార్థులు తలా ఒక చేయి వేస్తే ఇది పెద్ద భారం కాదు. అధ్యాపకులు పూచీ ఉంటే పోతుందన్న భయమూ లేదు.

ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలకు ఖర్చు పెట్టగలిగిన మనం దీనికి వెనుకాడితే, ఆ నిర్మల్ పెద్దాయన ముందు రెండోసారి సిగ్గుపడవలసి వస్తుంది. నా మటుకు నేను, ఈసారి తేలిక సంచితో, నిజమైన నారింజ రంగుతో ఆయన దగ్గరికి పోవాలనుకుంటున్నాను.