హీరో గేరు మారిస్తే ఇంజను ఏమంటుంది?

మొన్న జమ్మలమడుగులో సెకండ్ షో చూసి బయటికొచ్చానా... హాలు ముందు నలుగురు కుర్రాళ్లు కార్ల ఛేజింగ్ గురించి వాదించుకుంటున్నారు. "అయిదు గేర్ల బండికి మన హీరో పదకొండుసార్లు గేరేసినాడప్పా, నేను లెక్కబెట్టినా!" అన్నాడొకడు. అందరూ ఘొల్లుమన్నారు. ఒక్కడు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో మర్నాడు తెలిసింది.

మర్నాడు స్కూటర్ బాగు చేయించుకుందామని మేస్త్రి దగ్గరికెళితే ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. బల్లమీద విప్పిన ఇంజను. మేస్త్రి వంగిపోయిన వాల్వు ఒకటి నా చేతిలో పెట్టాడు.

"గండికోట నుంచి దిగుతా, సినిమాలో మాదిరి నాలుగో గేరు నుంచి రెండుకి కొట్టినాడు సామీ. వాళ్ల నాయన బాడుగలకు తోలే బండి ఇది!"

"రెవ్ లిమిటర్ ఉంది గదన్నా! అది కాపాడల్ల గదా?" అన్నాడు కుర్రాడు, ఏడుపు గొంతుతో.

పాఠక మిత్రులారా! ఈ వారం మన కబురు ఆ ప్రశ్నే.

లిమిటర్ అంటే కాపలావాడు. ఇంజను హద్దు దాటబోతే పెట్రోలో, నిప్పురవ్వో ఆపేస్తుంది. ఎందుకంటారా? నిమిషానికి 6000 చుట్లంటే సెకనుకు 100. అంటే పిస్టన్ సెకనులో 200 సార్లు ఆగి వెనక్కి తిరగాలి! 6000 కాస్తా 7200 అయితే వేగం పెరిగింది 20 శాతమే, కానీ లోపలి కడ్డీల మీద ఆ గుంజుడు 44 శాతం పెరుగుతుంది.

అయితే ఈ కాపలావాడికి ఒకటే తలుపు తెలుసు. నాలుగో గేరులో 4000 చుట్లు తిరిగే ఇంజను, రెండో గేరు నిష్పత్తి రెట్టింపైతే, క్లచ్ వదలగానే 8000 తిరగాల్సిందే. అప్పుడు తిప్పేది పెట్రోలు కాదు, దొర్లుతున్న చక్రాలు! పెట్రోలు ఆపి ఏం లాభం? వాల్వులు మూసుకునే లోపే పిస్టన్లు వచ్చి కొడతాయి.

కుర్రాడి ఫోన్‌లో ఇంకో కల కూడా ఉంది. 1979లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్' చూశాడట. నల్ల ఫోర్డ్ ఫాల్కన్, బానెట్ మీద సూపర్‌చార్జర్. మెల్ గిబ్సన్ గేరు రాడ్డు మీది ఎర్ర మీట లాగితే చాలు, బండి రెచ్చిపోతుంది! "డబ్బులొస్తే అట్లాంటిది బిగిస్తా" అన్నాడు.

తీరా చూస్తే అది తెరమీది మాయే. ఆ బ్లోయరు ఇంజనుకు గాలి కొట్టనే లేదు, ఉత్త అలంకారం. అలాగని మీటతో పనిచేసే సూపర్‌చార్జర్ అసాధ్యమేం కాదు. 1920ల్లో మెర్సిడెస్ కార్లలో యాక్సిలేటర్ అడుగుదాకా తొక్కితేనే బ్లోయరు కలిసేది.

మామూలుగా సూపర్‌చార్జర్ ఇంజనుకు బెల్టుతో కట్టేసి ఉంటుంది. ఇంజను ఎంత తిరిగితే అదీ అంత. పుల్లీ నిష్పత్తి రెండైతే 6500కు అది 13,000 తిరుగుతుంది. మన కుర్రాడి 8000కు 16,000! ఇంజనుతో పాటు బ్లోయరూ పోయేది.

ఇక పైగేరు సంగతి. హీరో కాలు తీయకుండానే క్లచ్ తొక్కి గేరు కొడతాడు. బరువు తప్పిన ఇంజను ఒక్క ఉదుటున లిమిటర్‌కి తగులుకుని టపటపలాడుతుంది. నిప్పురవ్వ మాత్రమే ఆపే రకమైతే, మండని పెట్రోలు వేడి సైలెన్సర్ గొట్టంలో ఢామ్మంటుంది. జనం ఈల వేసేది దానికే! పెట్రోలు ఆపే రకమైతే, ఒక సిలిండర్‌కు పూర్తిగా ఆగాలి. అరకొరగా అందితే, సూపర్‌చార్జర్ నింపిన గాలి ఒత్తిడిలో తప్పు సమయంలో మండి పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. పైగా క్లచ్ వదలగానే బ్లోయరు వేగం ఒక్కసారిగా పడిపోవాలి. ఆ కుదుపంతా బెల్టుదే. జారుతుంది, లేదా తెగుతుంది.

మందు చాలా చిన్నది. గేరు మార్చే ఆ ఒక్క క్షణం కాలు పైకెత్తాలి. బైపాస్ వాల్వు తెరుచుకుని ఒత్తిడి తగ్గుతుంది. దిగువ గేరుకు ఒక్కొక్క మెట్టే దిగాలి, అదీ వేగం తగ్గాక.

అన్నట్టు, మన ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన తొలి సుమోలకు సూపర్‌చార్జరే లేదు. డీజిల్ పంపులోని గవర్నరే వాటి కాపలావాడు. అరుపంతా సౌండ్ ఇంజనీరు చలవ!

నేను బయల్దేరేటప్పుడు మేస్త్రి కుర్రాడి చేతికి స్పానర్ ఇచ్చాడు. "ఖర్చులో సగం నువ్వు పనిచేసి తీర్చురా. మీ నాయనకు నేను చెప్తాలే" అన్నాడు. కుర్రాడు మాట్లాడకుండా బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.

ఈసారి తెరమీద హీరో పన్నెండో గేరేస్తే ఈల వేయండి, తప్పులేదు. బయటికొచ్చి బండెక్కాక మాత్రం అయిదింటితో సరిపెట్టుకోండి. వచ్చే వారం కలుద్దాం!