ఇచ్చిన భూమి – లాక్కున్న భూమి



కమ్యూనిజం ఏ దేశంలోనైనా నిజంగా జయించిందా అని మన యౌవనస్థులు అడుగుతుంటారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది గనుక లేదని కొందరు ఒక్క మాటలో తేల్చేస్తారు. మరికొందరు చైనాను చూపించి ఎందుకు లేదంటారు. కరువు నేల మీద బ్రతికే మనకు ఇది కేవలం పుస్తకాల్లోని చర్చ కాదు. భూమి ఎవరి చేతిలో ఉండాలి, పంట విషయంలో ఎవరి మాట చెల్లాలి అన్నదే ఇందులోని అసలు సంగతి. కాబట్టి కొంచెం ఓపికగా ఆలోచిద్దాం.

ముందు మన జిల్లా సంగతే చూద్దాం. తరిమెల నాగిరెడ్డిగారు 1917లో అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో, బాగా కలిగిన కుటుంబంలో పుట్టారు. పెద్ద చదువులు చదివి కమ్యూనిస్టు అయ్యారు. తన భూమిని పేదలకు పంచిపెట్టారు. 1952 ఎన్నికలలో అనంతపురంలో సొంత బావగారైన నీలం సంజీవరెడ్డిగారినే ఓడించారు. 1957లో పార్లమెంటుకు వెళ్లారు. చివరకు శాసనసభ వలన పేదలకు మేలు జరగదని 1969లో రాజీనామా ఇచ్చి విప్లవ మార్గం పట్టారు. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, అజ్ఞాతంలో ఉండగానే కన్నుమూశారు. ఆయన ఎంచుకున్న ఆయుధ మార్గాన్ని మనం ఒప్పుకోలేము. అయితే ఆయన చూసిన ఆకలి మాత్రం కల్పన కాదు. మన సంఘాలలో ఎందరి తాతలు పరుల పొలంలో జీతానికి ఉండి, ఏడాది చివర ఇంకా బాకీపడి బయటికి వచ్చారో ఆ కుటుంబాలకే తెలుసు. అటు తెలంగాణలో వెట్టిచాకిరికి ఎదురు తిరిగి 1946 నుండి 1951 వరకు రైతులు సాయుధంగా పోరాడారు. సుమారు 3000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీవారి లెక్క. కాబట్టి కమ్యూనిజాన్ని తూచేటప్పుడు, అది ఏ బాధలో నుండి పుట్టిందో మరచిపోతే ఆ తూకం సరైనది కాదు.

ఇక దేశాల సంగతి. 1917లో రష్యా విప్లవం రైతుకు భూమి ఇస్తామని చెప్పింది. దొరల భూములు రైతులకు దక్కాయి కూడా. కానీ 1929 నుండి స్టాలిన్ ప్రభుత్వం ఆ భూములనే రైతుల చేతిలో నుండి తీసుకుని సమష్టి క్షేత్రాలలో కలిపింది. ఎదురు చెప్పినవారిని దూర ప్రాంతాలకు తరలించింది. 1932–33లో ఉక్రెయిన్ మొదలైన చోట్ల లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. ఆ సంవత్సరాలలోనే అక్కడి ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది. ఇదే దేశం నిరక్షరాస్యతను తుడిచిపెట్టింది. 1957లో మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని, 1961లో మొదటి మనిషిని అంతరిక్షానికి పంపింది. అంత చేసిన దేశం ప్రజలకు తిండిగింజలు చాలక, 1970ల నుండి అమెరికా గోధుమలు కొనుక్కున్నది. సమష్టి క్షేత్రాలలోని కుటుంబాలకు ఇంటి పక్కన చిన్న పెరటి చెక్కలు సొంతంగా వదిలారు. అవి మొత్తం సాగుభూమిలో నూటికి నాలుగు వంతులు కూడా లేవు. దేశపు వ్యవసాయ ఉత్పత్తిలో మాత్రం నాలుగో వంతుకు దగ్గరగా ఆ చెక్కల నుండే వచ్చేది.

ఎందుకిలా అయింది? ఈ జవాబు మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఎర్రనేలలో వాన పడితే పదును రెండు మూడు రోజులే ఉంటుంది. ఆ రోజుల్లోనే వేరుశనగ విత్తనం పడాలి. ఈ చేను ఆరింది, ఆ చేను ఇంకా తడిగా ఉంది అని గట్టు మీద నిలబడినవాడికే తెలుస్తుంది. రాజధానిలో కూర్చున్న అధికారి ఉత్తరువు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. పైగా పంట పండినా ఎండినా తనకు వచ్చేది అంతే అయినప్పుడు, తెల్లవారుజామున లేచి మడక కట్టడానికి ఎవరికి మనసు వస్తుంది?

చైనాలో ఇంకా పెద్ద నష్టం జరిగింది. 1958లో ఊళ్లన్నింటినీ కమ్యూన్లుగా కలిపారు. పై అధికారులను మెప్పించడానికి కింది అధికారులు లేని పంటను లెక్కల్లో చూపించారు. ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం ధాన్యం తీసుకుపోతే రైతు గాదె ఖాళీ అయింది. 1959 నుండి 1961 వరకు వచ్చిన కరువులో కోట్ల మంది మరణించారు. మా ఊరిలో గింజలు లేవని రాసే పత్రిక గాని, సభలో అడిగే ప్రతిపక్షం గాని అక్కడ లేదు. మన జిల్లాలోనూ వానలు పోతాయి, వలసలు తప్పవు. అయినా పంట పోతే పోయిందని చెప్పే నోరు మనకున్నది. కలెక్టరాఫీసు ముందు కూర్చునే హక్కు ఉన్నది. అది చిన్న సంగతి కాదు.

ఆ చైనాలోనే 1978లో ఆన్హుయి రాష్ట్రాన్ని కరువు పట్టింది. షియావ్‌గాంగ్ అనే చిన్న ఊరిలో 18 మంది రైతులు రాత్రివేళ రహస్యంగా కూడి ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. పొలాలను ఇంటింటికీ పంచుకుందాం, ప్రభుత్వ వాటా కట్టి మిగిలినది ఎవరిది వారు ఉంచుకుందాం, నాయకులు జైలుపాలైతే వారి పిల్లలను మిగిలినవారు పోషిద్దాం అన్నది ఆ ఒప్పందం. మరుసటి ఏడు పంట ఎన్నో రెట్లు పెరిగింది. ప్రభుత్వం వారిని శిక్షించలేదు సరికదా, కొద్ది సంవత్సరాలలోనే ఆ పద్ధతిని దేశమంతటా అనుమతించింది. కమ్యూన్లు పోయాయి. వియత్నాం కూడా 1986లో దారి మార్చుకుని పొలాలను కుటుంబాల చేతికి ఇచ్చింది. బియ్యం కొనుక్కునే ఆ దేశం 1989 నాటికి బియ్యం అమ్మే దేశమైంది.

కనుక చైనా గెలిచింది కదా అనేవారికి మన జవాబు ఇది. చైనా కోట్ల మందిని పేదరికం నుండి బయటికి తెచ్చిన మాట నిజం. పార్టీ కట్టిన బడులు, ఆసుపత్రులు అందుకు పునాది వేశాయన్నదీ నిజమే. కాని సంపద పెరిగింది కమ్యూన్లను రద్దుచేసి, రైతుకు పొలాన్ని, వర్తకునికి అంగడిని తిరిగి ఇచ్చిన తరువాతనే. పార్టీ పేరు మారలేదు, పద్ధతి మారింది. అన్నీ ప్రభుత్వానివే అన్న పద్ధతి మీద నిలిచి, ప్రజలను కడుపునిండా ఉంచి, నోరు విప్పనిచ్చిన దేశం ఇంతవరకు ఒక్కటీ లేదు.

మన దేశంలో కమ్యూనిస్టులు కొంత మేలు చేసిన చోట్లు ఉన్నాయి. కేరళలో 1957లో ఎన్నికల ద్వారా అధికారానికి వచ్చారు. 1970 నుండి అమలైన భూసంస్కరణలు అక్కడ కౌలుదారులను హక్కుదారులను చేశాయి. పశ్చిమ బెంగాల్‌లో 1978 తరువాత సుమారు 14 లక్షల మంది పాలుదారుల పేర్లు రికార్డులకెక్కాయి. అక్కడ 34 సంవత్సరాలు పాలించి, 2011లో ప్రజలు వద్దంటే దిగిపోయారు. ఈ సంస్కరణలు రైతు చేతిలోని భూమిని తీసుకోలేదు, అతని హక్కును గట్టిచేశాయి. ఓటు పైన నిలిచారు గనుక తప్పు చేస్తే దించే వీలు ప్రజలకు ఉండింది.

ఆదిమ సంఘం సమష్టిగా జీవించింది కదా అని కొందరు అపొస్తలుల కార్యముల గ్రంథాన్ని చూపిస్తారు. నిజమే. అయితే అక్కడ పొలాలు అమ్మి తెచ్చినవారు ఇష్టపడి తెచ్చారు. అననీయతో పేతురు మాట్లాడినప్పుడు కూడా ఆ పొలం అతని స్వాధీనంలోనిదేనని ఒప్పుకొని, అబద్ధమాడినందుకే గద్దించాడు. నాగిరెడ్డిగారు తన భూమిని తానే పంచారు. స్టాలిన్ ఇతరుల భూమిని సైన్యంతో లాక్కున్నాడు. పంపకమనే మాట రెండింటికీ వాడవచ్చును గాని, ఆ రెండూ ఒకటి కావు.

అలాగని కమ్యూనిజం ఓడిపోయిందని సంతోషించి ఊరుకుంటే మన పని పూర్తి కాదు. డి పట్టా చేతిలో ఉండి, నీళ్లు లేక, అప్పు పుట్టక ఆ భూమిని బీడు పెట్టి బెంగళూరుకు కూలికి పోయే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. సొంత కాగితం ఒక్కటే కడుపు నింపదు. పదును రోజున ఎద్దులు లేని పొరుగువానికి మన మడక, మన సేద్యం ఒక పూట ఇవ్వగలమా? మన సంఘంలో భూమి కలిగినవారు, లేనివారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. ఆ ఆదివారపు సమానత్వం సోమవారం పొలం గట్టు దాకా వస్తే, ఏ ప్రభుత్వమూ బలవంతంగా చేయలేని పని మన ఊరిలో మొదలవుతుంది.