హమ్ తగ్గింది, ప్రమాదం పెరిగింది

గత నెలలో ఒక సాయంత్రం పొరుగు క్వార్టర్సులోని సహోద్యోగి తమ కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ యువకుడు ఇ.సి.సి.83, ఇ.ఎల్.84 వాల్వులు ఒక్కొక్కటి అమర్చి, గిటారుకు స్వయంగా యాంప్లిఫైయరు నిర్మించుకున్నాడు. పాట బాగానే పలుకుతున్నది గాని, దాని వెనుక ఎడతెగని హమ్.

"అంకుల్, త్రీపిన్ ప్లగ్గులో ఎర్తు వైరు తీసేస్తే సగం తగ్గింది. మిగతా సగం ఎలా పోగొట్టాలి?" అని అడిగాడు.

మేము ముందుగా ఆ ఎర్తు వైరును మళ్ళీ బిగింపజేశాము. కారణం పాఠకులు కూడా గ్రహించవలసినది. గిటారు తీగలు కేబుల్ కవచం ద్వారా యాంప్లిఫైయరు ఛాసిస్‌తో కలిసి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరులో ఇన్సులేషన్ చెడితే 230 వోల్టులు ఛాసిస్‌కు, అక్కడినుండి వాయించేవాని వ్రేళ్ళకు చేరుతాయి. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది. లేకుంటే ప్రాణమే పోవచ్చు.

మరి ఎర్తు తీస్తే మోత ఎందుకు తగ్గింది? రికార్డింగు కొరకు యాంప్లిఫైయరును కంప్యూటరుకు కలిపాడు. రెండింటి ఎర్తులు వేర్వేరు సాకెట్ల ద్వారా కలిసి ఒక వలయం ఏర్పడింది. కంప్యూటరు కేబుల్ విప్పగానే, ఎర్తు ఉండగానే, ఆ సగం తగ్గింది. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టడం, చాలకుంటే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు వాడడం దీనికి సరియైన మార్గాలు.

ఇక మిగిలిన సగం. "బాబూ, లావుపాటి తీగను మూడవ ఫ్రెట్ వద్ద నొక్కి మీటు" అన్నాము. శ్రుతి సరిగా ఉంటే ఆ స్వరం 98 హెర్ట్జులు. హమ్ దానితో దాదాపు కలిసింది. మన మెయిన్స్ 50 హెర్ట్జులు. ఫుల్‌వేవ్ రెక్టిఫైయరు తర్వాత మిగిలే అల 100 హెర్ట్జులు. కనుక అనుమానం పవర్ సప్లైపైకి మళ్ళింది. మోత ఒక స్థాయి క్రిందుగా 50 హెర్ట్జుల వద్ద ఉంటే, 6.3 వోల్టుల హీటరు తీగలను మెలిపెట్టారో లేదో, ట్రాన్స్‌ఫార్మరు ఇన్‌పుట్‌కు మరీ దగ్గరగా ఉన్నదేమో చూడవలసి ఉండేది.

వాల్యూం సున్నాకు త్రిప్పినా మోత తగ్గలేదు. స్విచ్చి కట్టి, ఇ.సి.సి.83ను ఊడదీసి మళ్ళీ వేసినా అదే మోత. దోషం ముందు దశలో లేదని తేలింది.

తెరిచేముందు ప్లగ్గు ఊడదీసి, 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ గల క్లిప్పులతో ఫిల్టరు కెపాసిటరుకు తగిలించి, వోల్టేజి దాదాపు సున్నాకు వచ్చిందని మీటరుతో నిర్ధారించుకున్నాము. స్విచ్చి కట్టినా కెపాసిటరులో 300 వోల్టులు నిలిచి ఉండవచ్చునని ఎన్నడూ మరువరాదు. అది పాత రేడియోనుండి తీసిన ఎలక్ట్రోలిటిక్. ఏళ్ళ తరబడి ఎండిపోయినది. దాని స్థానంలో 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టుల క్రొత్తదాన్ని, ధన ఋణాలు సరిచూసి, అమర్చాము.

హమ్ స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప వినిపించలేదు. తండ్రి మాత్రం గిటారు వైపు చూడలేదు. వంగి ప్లగ్గులోని మూడవ పిన్నును వ్రేలితో తడిమి చూసుకున్నారు. మోత తగ్గించిన ప్రతి ఉపాయమూ మరమ్మతు కాదు. తగ్గడానికి కారణం తెలిసిన తరువాతనే దానిని మరమ్మతు అనవలెను.