జక్కయ్య పెట్టిన రెండు లెక్కలు



మన కిష్టారెడ్డిపేట చుట్టుపక్కల బడి గోడల మీద, నీళ్ల ప్లాంట్ల మీద 'సీఎస్ఆర్ నిధులతో' అన్న బోర్డులు చూస్తూనే ఉంటాం. మంచి పనిని మనం కాదనం. కానీ ఆ బోర్డు చూసి నోరు మూసుకుంటే మాత్రం అది కృతజ్ఞత కాదు, అమ్ముడుపోవడం.

ముందు చట్టం ఏం చెబుతోందో తెలుసుకుందాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 5 కోట్ల నికర లాభం గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నికర విలువ గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అంటే ఇది దయ కాదు, విధి. ఇంకో సంగతి కూడా ఉంది. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని ఈ ఖర్చులో చూపించకూడదని నిబంధనలే అంటున్నాయి. మురికి నీళ్లు శుద్ధి చేసి వదలడం, కార్మికుడి ప్రాణానికి రక్షణ కల్పించడం సేవ కిందికి రావు. అవి అంతకన్నా ముందు తీర్చాల్సిన బాకీ.

ఆ బాకీ సంగతి మన ప్రాంతానికి బాగా తెలుసు. నక్కవాగు పాడైందని 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మాత్ర మింగే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2009లో వచ్చిన మరో పరిశోధన చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు ఉన్నాయని చెప్పింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. తప్పెవరిదో విచారణ తేల్చాలి. కానీ పొట్టకూటికి వచ్చినవాడు శవమై ఊరికి వెళ్తే, ఎన్ని బోర్డులు పెడితే ఆ ఇల్లు నిలబడుతుంది?

లూకా 19లో జక్కయ్యను చూడండి. ఆయన రెండు లెక్కలు పెట్టాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు నష్టపోయినవారికి. మొదటిది దానం, రెండోది బాకీ. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని ఎగ్గొట్టలేదు. పుదీనాలో కూడా పదోవంతు లెక్కగా ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవారిని మన ప్రభువు ఎలా గద్దించాడో మత్తయి 23లో ఉంది. రెండు శాతం ఇచ్చాం కదా అనేవారికి అది చాలదా? మిగిలిన తొంభై ఎనిమిది శాతం ఎలా వచ్చిందని కూడా దేవుడు అడుగుతాడు.

"కంపెనీలు లేకపోతే మనకు అన్నం ఎక్కడిది పాస్టరు గారూ?" అనేవారున్నారు. నిజమే. మనలో ఎన్నో ఇళ్లు షిఫ్టు జీతం మీదే నడుస్తున్నాయి. మూసేయమని మనం అనడం లేదు. ముందు బాకీ తీర్చి, తర్వాత దానం చేయమంటున్నాం. బతకడానికి పని కావాలి గనుకే, ఆ పని ప్రాణం తీయకూడదు.

ఈ మాట పెద్ద కంపెనీలకే కాదు. ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22లో ఆజ్ఞ ఉంది. ఎవరూ పడి చావకూడదని. మనలో మేస్త్రీలున్నారు, లేబర్ కాంట్రాక్టర్లున్నారు, షాపులు నడిపేవారున్నారు. కూలి ఆపుకుని చందా పెట్టెలో వెయ్యి రూపాయలు వేస్తే ఆ కానుక బలిపీఠం దాకా చేరదు. ఆపిన కూలి మొరపెడుతుందని యాకోబు 5 చెబుతోంది.

సంఘానికీ ఒక హెచ్చరిక. రేపు ఏ కంపెనీ అయినా ప్రహరీగోడ కట్టిస్తామని వస్తే, నమస్కారం పెడదాం, టీ ఇద్దాం. ఒక్క మాట అడుగుదాం: "మీ నీళ్లు ఎటు పోతున్నాయి సార్? మీ కార్మికులు క్షేమంగా ఇంటికి వెళ్తున్నారా?" ఆ ప్రశ్న అడగకూడదన్న షరతు మీద వచ్చే గోడ మనకొద్దు. రేకుల షెడ్డులోనే ఆరాధిద్దాం.

జక్కయ్య ఇంటికి వచ్చిన రక్షణ మన పారిశ్రామికవాడకూ రావాలని ప్రార్థిద్దాం. ఆమేన్.