పాగల్ అయింది అమ్మీ కాదు, మన ఇల్లు

కిందటి బక్రీద్‌కి మా భాయీజాన్ కొత్తింట్లో అందరం దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నాం. మధ్యలో అమ్మీ లేచి వెళ్లింది. బాత్రూం గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడి బట్టలు తడుపుకుంది. భాభీ మొహం మాడ్చుకుంది. మేమాన్లలో ఒకావిడ "సఠియా గయీ బిచారీ" అంది. ఇంకో ఖాలా తావీజు కట్టే ఆమిల్ అడ్రస్ చెప్పింది.

నేను లేచెళ్లి బాత్రూం చూశాను. గోడలు తెలుపు, నేల తెలుపు, కమోడ్ తెలుపు, దాని సీటూ తెలుపే. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే నల్ల పట్టా.

డెమెన్షియా వచ్చినవాళ్లకి చాలామందికి రంగుకీ రంగుకీ మధ్య ఫరక్ సరిగ్గా అందదు. తెల్ల గోడలో తెల్ల కమోడ్ కలిసిపోతుంది. నల్ల పట్టా గుంటలా కనిపిస్తుంది. గుంటలో కాలు పెట్టమంటే మీరు పెడతారా? అమ్మీ అక్కడ ఆగిందంటే అది పాగల్‌పన్ కాదు, అఖల్ ఇంకా పనిచేస్తోందనడానికి సబూత్. మనం లక్షలు పోసి అద్దంలాంటి టైల్సు వేయిస్తాం. ఆ మెరుపుని నీళ్లనుకుని ఆమె అడుగేయకపోతే, గదికి గడియ పెడతాం.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మందికి ఈ జబ్బుందని అంచనా. మన మొహల్లాల్లో లేదా? ఉంది. పేరే వేరే: బుఢాపా, జిన్నాత్, నజర్. సూరా నహల్‌లో, సూరా హజ్‌లో అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనివాడైపోయే ఉమర్ జిక్ర్ సాఫ్‌గా ఉంది. అయినా ఆమిల్ దగ్గరికే పరుగెడతాం. మాబాప్‌ని ఉఫ్ అనొద్దన్న హుకుం మీద ఎన్ని బయాన్లు విన్నామో లెక్కలేదు. ఆ మాట నోటితోనే అంటామా? గడియతో కూడా అంటాం.

నెదర్లాండ్స్‌లో వేస్ప్ అనే ఊళ్లో 2009లో హోగెవైక్ అని ఒక బస్తీయే కట్టారు. అక్కడ ఉండేవాళ్లందరికీ ముదిరిన డెమెన్షియా. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు. లోపల కిరాణా దుకాణం, హోటల్, బాగ్, వీధులు. తాళం బస్తీ గేటుకే, మనిషి గదికి కాదు. జర్మనీలో ఒకచోట వృద్ధాశ్రమం ముందు ఉత్తుత్తి బస్‌స్టాప్ పెట్టారు; ఇంటికి పోతానని బయల్దేరిన ముసలాళ్లు అక్కడ కూర్చుని నెమ్మదిస్తారని. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. రాని బస్సు కోసం కూర్చోబెట్టడం ఎంత మెహర్బానీతో చేసినా ఝూటే. అమ్మీ మైకాకి పోతానంటే మేం పక్కన కూర్చుని ఆ ఇంట్లో బావి ఎటుండేదో అడుగుతాం. ఆమె చెబుతూ చెబుతూ చప్పబడుతుంది.

"అవన్నీ గోరోంకే చోంచలే, మనకంత పైసా ఎక్కడిది" అంటాడు భాయీజాన్. అంత పైసా ఎవరడిగారు? 2004లో బోస్టన్ యూనివర్సిటీవాళ్లు అల్జీమర్స్ రోగులకి తెల్ల ప్లేటు తీసేసి ఎర్ర ప్లేటులో పెడితే, దాదాపు 25 శాతం ఎక్కువ తిన్నారు. తెల్ల మెలమైన్ ప్లేటులో తెల్లన్నం పెట్టి "తినదు, జిద్దు చేస్తుంది" అంటున్నాం మనం. ఎర్ర సీటు, రంగు ప్లేటు, తలుపు మీద కమోడ్ బొమ్మ, మగ్రిబ్ తర్వాత అద్దం మీద ఒక దుపట్టా. అద్దంలో ఎవరో పరాయి ఆడమనిషి ఉందని అమ్మీ భయపడేది, అందుకు.

మస్జిద్ కమిటీ పెద్దలకీ ఒక మాట. కార్పెట్ మీద ముదురు పట్టీలు కొందరు బుజుర్గుల కళ్లకి మెట్లలా కనిపిస్తాయి. వజూఖానాలో తిప్పే కుళాయిలు పీకి సెన్సర్‌వి పెట్టారు. అరవై ఏళ్లు కుళాయి తిప్పిన చేతులు అవి. ఏం తిప్పాలో తెలియక ఆయన ఊరికే నిలబడితే, వెనక కుర్రాళ్లు "జల్దీ చచ్చా" అంటున్నారు.

ఎర్ర సీటు నేనే కొని ఆటోలో తీసుకెళ్లి బిగించాను. గుమ్మంలో పట్టా తీసేశాను. ఇప్పుడు అమ్మీ చాలాసార్లు తనంతట తనే వెళ్లొస్తోంది. అన్నిసార్లూ కాదు. మగర్ కూతురి రిష్తా కోసం మేమాన్లు వస్తున్నారంటే భాభీ ఆ సీటు విప్పించి తెల్లది పెట్టిస్తోంది. వచ్చే ఇత్వార్ మళ్లీ ఎవరో వస్తున్నారట.