ఇంజెక్షన్ ఇచ్చినా మూత్రం రాకపోతే...

'మూత్రం వస్తోందా డాక్టరుగారూ?' ఐసీయూ తలుపు తెరుచుకోగానే బంధువులు ఆత్రంగా అడిగే ప్రశ్న ఇది. గుండె బలహీనపడో, కిడ్నీలు దెబ్బతినో ఒంట్లో నీరు నిలిచిపోతే కాళ్లు ఉబ్బుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఆ నీటిని బయటికి పంపడానికి ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. లాసిక్స్ అంటే చాలామందికి తెలుస్తుంది. నరానికి ఇచ్చిన కొద్దిసేపటికే మూత్రం జోరుగా రావాలి. కొందరిలో మాత్రం మోతాదు పెంచినా సంచి నిండదు. దీన్నే 'డైయురెటిక్ రెసిస్టెన్స్' అంటారు.

ఎందుకిలా?

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలోకి పంపేస్తాయి. ఉప్పు వెనక్కి వెళ్లే దారుల్లో ఒకదాన్ని ఈ మందు మూసేస్తుంది. ఉప్పు బయటికి పోతే నీరూ దాని వెంటే పోతుంది. అయితే మందు పనిచేయాలంటే రక్తంలోంచి కిడ్నీలోని సన్నటి నాళికల లోపలికి చేరాలి. అదీ ఓ స్థాయికి మించి చేరితేనే ఫలితం. బీపీ పడిపోయినా, కిడ్నీలు దెబ్బతిన్నా అంత మందు చేరదు. పేగులు ఉబ్బి ఉంటే మాత్రలు సరిగా ఒంటపట్టవు. ఒళ్లు నొప్పులకు వాడే కొన్ని మాత్రలూ దీనికి అడ్డుపడతాయి. ఏళ్ల తరబడి ఈ మందు వాడినవారిలో నాళిక చివరి భాగం బలిసి, వదిలేసిన ఉప్పును మళ్లీ పీల్చేసుకుంటుంది.

డాక్టర్లు ఏం చేస్తారు?

ముందు మూత్రం గొట్టం మూసుకుపోలేదని చూస్తారు. బీపీ పడిపోయినా, ఒంట్లో నీరు తగ్గినా ముందు దాన్ని సరిచేయాలి. అప్పుడు ఈ మందిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఎక్కించే సెలైన్‌నూ లెక్కిస్తారు. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది మరి!

చాలని మోతాదును మళ్లీ మళ్లీ ఇచ్చి లాభం లేదు. గుండె జబ్బు రోగుల్లో రెండు గంటలకు మూత్రంలో సోడియం ఎంతుందో, ఆరు గంటల్లో మూత్రం ఎంత వచ్చిందో చూసి, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. అప్పటికీ లొంగకపోతే మెటోలజోన్, ఎసిటజోలమైడ్ వంటి రెండో మందు కలుపుతారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో 519 మంది గుండె జబ్బు రోగులను పరిశీలించారు. ఎసిటజోలమైడ్ కలిపినవారిలో 42 శాతం మందికి మూడు రోజుల్లో నీరు తగ్గింది. కలపనివారిలో 30 శాతం మందికే తగ్గింది. ఇలా మందులు కలిపినప్పుడు పొటాషియం పడిపోకుండా రక్తపరీక్షలు తరచూ చేయాలి.

డయాలసిస్ అంటే...

మందులకు లొంగక ఆయాసం పెరుగుతున్నా, పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా డయాలసిస్ అవసరమవుతుంది. 'ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదు' అనే భయంతో చాలామంది సంతకం పెట్టడానికి వెనకాడతారు. అది అపోహ. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కోలుకుంటాయి, డయాలసిస్ ఆపేస్తారు. ముందునుంచీ కిడ్నీ జబ్బు ఉన్నవారిలో మాత్రం కొనసాగించాల్సి రావచ్చు. మీవారి సంగతేమిటో డాక్టరును సూటిగా అడగండి. 'ఇంకో ఇంజెక్షన్ చేసి చూడండి' అంటూ పట్టుబడితే విలువైన సమయం చేజారిపోవచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

రోగి వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. నొప్పి మాత్రలు, నాటు మందులు వాడినా దాచకుండా చెప్పండి. కొబ్బరినీళ్లు, పళ్లరసాలు డాక్టరును అడగకుండా పట్టకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. ఇరవైనాలుగు గంటల్లో ఒంట్లోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికొచ్చిందో రోజూ తెలుసుకోండి.

గుండె జబ్బు రోగి ఇంటికొచ్చాక రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసిపెట్టండి. ఊరగాయలు, అప్పడాలు మాన్పించండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే మళ్లీ నీరు చేరుతోందేమోనని అనుమానించి, వెంటనే డాక్టరుకు చూపించండి.